ఏడు పొంగులు

నమోదు 1

నాలుగో మెరక వైద్యశాల, కడుగుడు గది. రాస్తున్నది కొల్లాటి దమయంతి. వయసు యాభై ఎనిమిది. మోకాళ్ళ వయసు అడగొద్దు.

గోడకి ఒక పట్టిక వేలాడుతూ ఉంటుంది. గొట్టం నంబరు, ఎన్నో కడుగుడు, నీళ్ళు ఎన్ని పొంగులు, రోగికి వణుకు వచ్చిందా రాలేదా, రోగి ఏమయ్యాడు. అందులో ఇవి మాత్రమే రాయాలి. డాక్టర్ ఫిలోమినా గారు చూసేది దాన్నే. ఈ పుస్తకం నా సొంతం. పట్టికలో పట్టనివన్నీ ఇందులో పడేస్తాను, లేకపోతే ఇంటికెళ్ళి మా ఆయన బుర్ర తినాలి. పాపం, ఆయన ఇప్పటికే చెవులు సరిగా వినబడవని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

ఈ రోజు మూడో నంబరు, ఏడో నంబరు గొట్టాలు కడిగాను. గొట్టమంటే మోచేతి పొడవుంటుంది, లోపల రొయ్యపొట్టుతో చేసిన తెల్లటి గుళికలు. చెరువుల్లో దిగేవాళ్ళకి ఒంటి మీద చిన్న గీత పడితే చాలు, ఉప్పునీటి పురుగు లోపలికి దూరుతుంది. పూట తిరిగేసరికి ఒళ్ళంతా విషం, బీపీ పాతాళానికి. అప్పుడు తొడ దగ్గర నరంలోంచి రక్తం బయటికి తీసి, ఈ గొట్టంలోంచి పంపి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారు. విషం గుళికలకి అంటుకుపోతుంది, రక్తం తేటపడి వెనక్కి పోతుంది. నాలుగు గంటల పని. మా అమ్మమ్మ కాలంలో నాలుగు మాత్రలు మింగితే తగ్గిపోయేదట. నాకైతే నమ్మకం లేదు.

పని అయిపోయిన గొట్టం నా దగ్గరికి వస్తుంది. ముందు ఉప్పునీళ్ళు, తరవాత కాస్టిక్ నీళ్ళు, ఆఖర్న కాచిన నీళ్ళు, చేతికి జారుడు తగలనంత వరకూ. ఒక్కో గొట్టానికి పన్నెండు కడుగుళ్ళు ఆయుష్షు. కొత్తవి రెండో మెరక నుంచి పడవలో రావాలి, మెరకకీ మెరకకీ మధ్య అంతా ఉప్పునీళ్ళే. కార్తీకంలో వస్తాయన్నారు, ఇప్పుడు వైశాఖం. మా దగ్గర పనికొచ్చేవి ఐదే ఉన్నాయి.

నమోదు 2

వాననీటి తొట్టి అడుగంటింది. ఇక ఉప్పు తీసే యంత్రం ఇచ్చే నీళ్ళే గతి. అవి పాత సిమెంటు తొట్టిలో నిలవుంటాయి. తొట్టి గోడలకి పాచి, చెయ్యి పెడితే జిగట. పొయ్యి చూసే అప్పయమ్మ ముక్కు చిట్లించి, "ఏటి దమయంతమ్మా, ఈటితోనే కడగాలా?" అంది. "మూడు పొంగులు కాస్తే ఏ నీళ్ళయితే ఏంటమ్మా" అన్నాను. మెరకలో ఎవరినడిగినా అదే మాట చెబుతారు.

చెప్పక చస్తారా! పొద్దున ఆరుకీ సాయంత్రం ఆరుకీ పొంగు కూత కూస్తుంది. ఆ సమయానికి ప్రతి ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఉండాలి. నీళ్ళు తెర్లి పైకి లేవడం ఒక పొంగు. మంట తగ్గించి అణిచి, మళ్ళీ లేపితే రెండోది. మూడో పొంగు అయితేగాని దించకూడదు. విరేచనాలు వచ్చి సగం జనం పోయిన ఏడాది పెట్టిన కట్టడి ఇది, మిగిలిన సగాన్ని బతికించింది కూడా ఇదే. పచ్చినీళ్ళు వాడినట్టు తేలితే ఆ మనిషి పేరు కూత తరవాత మైకులో చదువుతారు. నిరుడు టీ కొట్టు తాతబ్బాయి పేరు చదివారు. వారం తిరక్కుండానే ఆయన కొట్టు కట్టేసి, పెళ్ళాన్ని పడవెక్కించుకుని ఒకటో మెరకకి వెళ్ళిపోయాడు.

ఈ రోజు ఏడో నంబరు గొట్టం ఒక వలల మేస్త్రీకి పెట్టారు. అరగంటకి వణుకు మొదలైంది. మామూలు చలి కాదు, మంచం కాళ్ళు నేలకి టకటకా కొట్టుకున్నాయి. బీపీ ఇంకా పడిపోయింది. డాక్టరమ్మ గొట్టం తీసేసింది. ఆయన గట్టి పిండం, బతికాడు. పట్టికలో "వణుకు: వచ్చింది" అని మొదటిసారి రాశాను.

నమోదు 3

మళ్ళీ వణుకు. ఈసారి మూడో నంబరు, తూము దగ్గర పనిచేసే ఆడమనిషి, ముప్పై ఏళ్ళు. గొట్టం పెట్టిన అరగంటకి వణుకు, రెండు గంటలకి ప్రాణం పోయింది. ఆమె మొగుడు నా గది గుమ్మంలో నిలబడి, "మీరే కడిగేరా అమ్మా?" అని అడిగాడు. కోపంగా అడగలేదు, ఊరికే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. నేనేనని చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

డాక్టరమ్మ అందరినీ పిలిచింది. "నీళ్ళు సరిగ్గా కాగడం లేదేమో. ఇవాళ్టి నుంచి గొట్టాల నీళ్ళకి ఐదు పొంగులు" అంది. అప్పయమ్మ ఊక బస్తాలు లెక్కపెట్టుకుని నిట్టూర్చింది.

మధ్యాహ్నం మా వియ్యపురాలు మాణిక్యం వచ్చింది. మా జలజని వాళ్ళబ్బాయికే ఇచ్చాను. జలజ ఇక్కడే సూదుల పని చేస్తుంది, రోగి నరం పట్టడంలో దానికి సాటి లేదు. మాణిక్యం చెరువుల్లో వలలు దులుపుతుంది. మా ఇద్దరికీ రోజుకొకసారి మాటామాటా అనుకోకపోతే అన్నం అరగదు.

"ఏం వదినా, బతికే ఉన్నావా? అన్నయ్యగారు వాపోతన్నారు, నిద్దట్లో కూడా గొట్టం నెంబర్లే పలవరిస్తన్నావంట" అంది.

"నువ్వు నిద్రలో గురక తప్ప ఏమీ పెట్టవని జలజ చెప్పింది లే."

"నీ కూతురు నా గురకే సెప్పింది గానీ, నా సేత కూర వండించుకు తిన్న సంగతి సెప్పలేదే?" అని నా పక్కన కూలబడింది. చేతులు చూపించింది, అన్నీ గీతలే. "నాకేవన్నా అయితే మాత్రం నీ గొట్టం నాకొద్దే తల్లీ. వణికి సచ్చే కన్నా ఊరికే సచ్చిపోవడం నయం."

నవ్వుతూనే అంది. నేను మాత్రం నవ్వలేదు.

నమోదు 4

వాన! వైశాఖంలో వాన! ఒక్క గంట, ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. అందరూ సంబరపడుతుంటే నేను నెత్తి కొట్టుకున్నాను. ఊక పాక కారిపోయి బస్తాలన్నీ ముద్దయిపోయాయి. అప్పయమ్మ మనవరాలి పురుడని సెలవులో ఉంది. నేనే గోకర్రతో పొయ్యి కెలికాను, పొగ తప్ప మంట రాలేదు. కళ్ళు మండి నీళ్ళు కారాయి.

లోపల ఒకడికి బీపీ పడిపోతోంది. తొమ్మిదో నంబరు గొట్టం కాస్టిక్ దాకా అయి నా చేతిలో ఉంది. జలజ రెండుసార్లు వచ్చి, "అమ్మా, అయిందా? డాక్టరమ్మ కేకలేస్తోంది" అంది. మూడోసారి వచ్చేలోపు నేను చేసిన పని ఇది: స్టీలు పళ్ళేలు కాస్టిక్‌తో తొలిచి ఆరుబయట పెట్టాను, పడిన వాననీళ్ళు పడినట్టే తెచ్చి గొట్టం కడిగేశాను. పచ్చినీళ్ళు. ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి.

పట్టికలో "ఐదు పొంగులు" అని రాశాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

నమోదు 5

నిన్నంతా ఆ మనిషి మంచం చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. పచ్చినీళ్ళతో కడిగిన గొట్టంలోంచి మనిషి రక్తం తిరుగుతుంటే నా ఒంట్లో రక్తం తిరగడం మానేసింది. అరగంట అయింది. గంట అయింది. వణుకు లేదు. నాలుగో గంటకి బీపీ లేచింది. ఇవాళ పొద్దున లేచి కూర్చుని గంజి అడిగాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఏ దేవుడో అడ్డం పడ్డాడు, నా నేరం కప్పేశాడు అనుకున్నాను. అంతకు మించి ఒక్క ముక్క ఆలోచించలేదు. ఊక ఆరింది, పొయ్యి అంటుకుంది. వాననీటి తొట్టిలో చేరిన కాసినీ జనం తాగడానికి పట్టుకుపోయారు. మళ్ళీ సిమెంటు తొట్టి నీళ్ళు, ఐదు పొంగులు.

నమోదు 6

తొట్టి నీళ్ళు మొదలుపెట్టాక ఆరుగురికి గొట్టం పెట్టాం. ఐదుగురికి వణుకు. అందులో ఇద్దరు పోయారు.

ఇవాళ డాక్టరమ్మ గోడ పట్టిక తీసుకొచ్చి నా బల్ల మీద పరిచింది. ఆవిడకి నలభై దాటలేదు, కళ్ళ కింద చూస్తే అరవై. వేలితో ఒక్కో వరసా చూపిస్తూ, "దమయంతి గారూ, ఈ తొమ్మిదో నంబరు ఒక్కటే వణుకు తేలేదు. అది పదకొండో కడుగుడు, అన్నిటికంటే పాత గొట్టం. దానికే ముందు రావాలి కదా? ఆ రోజు ఏమన్నా వేరేగా చేశారా? కాస్టిక్ ఎక్కువసేపు ఉంచారా? నీళ్ళు వేరే చోటి నుంచి తెచ్చారా?" అని అడిగింది.

నీళ్ళ మాట కూడా ఎత్తింది. అంత సూటిగా అడిగింది.

నా కళ్ళ ముందు తాతబ్బాయి పడవెక్కడం కనబడింది. మైకులో నా పేరు వినబడింది. అత్తారింట్లో జలజ మొహం కనబడింది.

"లేదండి. ఎప్పటిలాగే చేశానండి" అన్నాను.

ఆవిడ "ఐదు పొంగులు" అన్న నా అక్షరాల మీద వేలు పెట్టింది. "అయితే నీళ్ళ తేడా కాదన్నమాట. పాడు, నాకేమీ తోచడం లేదు. ఏడు పొంగులు పెట్టి చూద్దాం" అంది. తొట్టి కడిగించమని ఆవిడ అడిగితే, అది కడగాలంటే మెరకంతా రెండు రోజులు నీళ్ళు లేకుండా ఉండాలన్నారట పెద్దలు. కాస్తే చాలు కదా అన్నారట.

ఏడు పొంగులకి గిన్నెడు నీళ్ళు అరగిన్నె అవుతున్నాయి. అడుగున పల్చగా తెట్టు కడుతోంది. అప్పయమ్మ దాన్ని గరిటెతో తీసి పారేస్తోంది.

నమోదు 7

మాణిక్యం తమ్ముడు ఏడుకొండలుని మోసుకొచ్చారు. చెరువు గట్టు మీద గాజుపెంకు గుచ్చుకుందట, మోకాలి దాకా నల్లబడింది. మాణిక్యం కన్న కొడుక్కంటే ఎక్కువగా పెంచిన తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి మూడేళ్ళు, ఈవిడకి పదకొండు.

రెండో నంబరు గొట్టం. నాలుగో కడుగుడు, దాదాపు కొత్తది. ఏడు పొంగుల నీళ్ళు నా చేత్తో కాచి, నా చేత్తో కడిగాను. దాచుకున్న మంచి గొట్టం మనవాడికే దొరికింది, అదృష్టం అని మాణిక్యంతో అన్నాను కూడా.

ఇరవై నిమిషాలకే వణుకు. ఇంతటి వణుకు నేనెన్నడూ చూడలేదు. ఇద్దరం పట్టుకున్నా ఆగలేదు. మాణిక్యం వాడి కాళ్ళ మీద పడుకుని, "ఒరే తమ్ముడూ, ఒరే, కాసేపోర్చుకోరా, పిన్నమ్మోరు గొట్టం పెట్టింది కదరా, తగ్గిపోద్దిరా" అంటూనే ఉంది. పిన్నమ్మ అంటే నేనే. వాడు నన్ను అలాగే పిలిచేవాడు.

సాయంత్రం కూత కూసే వేళకి పోయాడు. డాక్టరమ్మ ప్రశ్నకి, వాడి చావుకి మధ్య నాలుగు రోజులు.

నమోదు 8

పదకొండు రోజులుగా ఏమీ రాయలేదు. రాయబుద్ధి కాలేదు. మధ్యలో ఇద్దరు రోగులొచ్చారు. డాక్టరమ్మ గొట్టం జోలికి పోకుండా సెలైన్ మీదే చూసింది. ఒకరు దక్కారు, ఒకరు దక్కలేదు.

నిన్న ఏడుకొండలు పెద్దకర్మ అయింది. ఇవాళ నీసు వండి పెట్టాలి. మాణిక్యం ఇంటి వెనక ఆడవాళ్ళం పచ్చి రొయ్యలు వొలుస్తూ కూర్చున్నాం. ఒక పక్క పెద్ద డేగిసాలో తలకాయలూ పొట్టూ పులుసు కోసం ఉడుకుతున్నాయి. మాణిక్యం ఏడవడం మానేసింది, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒక రొయ్య తలముల్లు అరచేతిలో దిగింది. "స్" అని, రక్తం కొంగుకి తుడుచుకుని మళ్ళీ వొలవసాగింది. కడుక్కోమంటే, "ఆ, ఇయ్యి ఎన్ని సూళ్ళేదు" అంది.

నేను డేగిసాలోకి చూస్తూ కూర్చున్నాను. పొద్దున్నుంచీ ఉడుకుతోంది, కనీసం నలభై పొంగులు. రొయ్య మెత్తబడి కరిగిపోయింది. పొట్టు మాత్రం ఎర్రబడి, పగిలి, పైన తేలుతోంది. ఎంతసేపు కాస్తే పొట్టు పోతుంది? ఎన్నటికీ పోదు. ఇంకా చిన్న ముక్కలై నీళ్ళంతా పాకుతుంది.

అక్కడే నాకు తట్టింది. వాననీళ్ళలో పాచి లేదు. తొట్టి నీళ్ళలో పాచి ఉంది, ఆ పాచి నిండా పురుగే. మేము కాచి పురుగుని చంపాం, దాని పొట్టుని నీళ్ళలో పొడి చేశాం, చిక్కగా కాచి చిక్కగా కాచి మనుషుల రక్తంలోకి ఎక్కించాం. మూడు పొంగులకి అరగంటకి వణుకు, ఏడు పొంగులకి ఇరవై నిమిషాలకి.

లేచి డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాలి కదా? పరిగెత్తలేదు. నా పక్కన మాణిక్యం కూర్చుని ఉంది. ఈ మాట బయటపడితే ఏడుకొండలు సంగతి కూడా బయటపడుతుంది. రేపు చెబుదాం, భోజనాలవ్వనీ, రేపు నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. విస్తరి ముందు కూర్చున్నాను. తిన్నాను కూడా. సిగ్గులేని జన్మ.

నమోదు 9

పొద్దున తొమ్మిదింటికి మాణిక్యాన్ని తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. అరచెయ్యి నల్లగా ఉబ్బి మోచేతి దాకా పాకింది. నన్ను చూసి గుర్తుపట్టలేదు. జలజ సూది గుచ్చుతూ, "అమ్మా, అత్తయ్య ఒళ్ళు చల్లబడిపోతందే" అంది.

డాక్టరమ్మ బీపీ చూసింది. పల్చటి గొంతుతో, "గొట్టం లేకుండా సాయంత్రం దాకా కూడా నిలవదు. గొట్టం పెడితే... తెలియదు" అంది. గోడ దగ్గరికి వెళ్ళి పట్టిక ముందు నిలబడింది.

"డాక్టరమ్మా," అన్నాను, "తొమ్మిదో నంబరు దగ్గర నేను రాసింది అబద్ధమండి. ఆ రోజు పొయ్యి అంటుకోలేదు. వాననీళ్ళతో కడిగానండి. పళ్ళెంలో పడినవి పడినట్టు. పచ్చివి."

ఆవిడ వెనక్కి తిరిగింది. నేను డేగిసా గురించి, పొట్టు గురించి చెప్పాను. ఆవిడ అలాగే స్టూలు మీద కూర్చుండిపోయింది. నన్ను తిడుతుందని నిలబడ్డాను. "నేనిది చదువుకున్నాను," అంది చివరికి. "పురుగు చచ్చినా దాని పైపొర విషమే, కాస్తే పోదు అని. పుస్తకంలో ఉంది. పరీక్షలో రాశాను కూడా. అయినా ఏడు పొంగులు కాయమన్నది నేనే." పట్టిక వైపు చూస్తూ, "నేనడిగిన రోజు చెప్పి ఉంటే..." అని మాట మింగేసింది. నాకు ఆ మింగిన మాటే బాగా వినబడింది.

తరవాత లేచి నిలబడింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మూసిన సెలైన్ సీసాలు నాలుగే ఉన్నాయి, అవి నాలుగూ మాణిక్యం నరంలోకే కావాలి. కాస్టిక్ నీళ్ళకి ఆ పురుగు పొట్టు చస్తుంది, కానీ కాస్టిక్ వదలగొట్టడానికి మళ్ళీ మంచినీళ్ళు కావాలి. "ఆవిరి" అంది డాక్టరమ్మ. "ఆవిరితో పొట్టు పైకి లేవదు. ఆవిరిని పట్టి చల్లారిస్తే వచ్చే నీళ్ళు కావాలి. ఆరు లీటర్లు."

గుమ్మంలో అప్పయమ్మ నిలబడి అంతా వింటోంది. "ఆవిరి పట్టడవేనా అండి? దానికింత ఆలోసనెందుకు? మా మావగారు లంకలో సారా బట్టీ పెట్టేవోరండి. కాపరానికొచ్చిన మూడోనాడే నన్ను బట్టీ కాడ కూకోబెట్టేరు" అంది. ముసలిదానికి ఒక్కసారిగా ఇరవై ఏళ్ళు తగ్గాయి. గిన్నె మీద గిన్నె బోర్లించింది, సందుల్లో తడిపిండి మెత్తింది, కాస్టిక్‌తో కడిగిన స్టీలు గొట్టం ఒకటి దించి దాని చుట్టూ తడిగుడ్డలు చుట్టింది. గుడ్డలు వేడెక్కినప్పుడల్లా మార్చడం నా పని. "మంట అంత పెంచకండమ్మా, అడుగు నీళ్ళు పొంగి గొట్టంలోకొచ్చేత్తే అంతా పాడు" అని నన్ను కసిరింది. ఇన్నాళ్ళూ పొంగించిన చేతులతో పొంగకుండా చూస్తూ కూర్చున్నాను.

గంటకి లీటరు. బొట్టు బొట్టు. అంత నెమ్మదిగా నీళ్ళు పడడం నేను జన్మలో చూడలేదు. జలజ ప్రతి పావుగంటకీ వచ్చి బీపీ అంకె చెప్పి వెళుతోంది, అంకె తగ్గుతూనే ఉంది. నాలుగో సీసా సెలైన్ సగానికి వచ్చింది. ఒంటిగంటకి డాక్టరమ్మ వచ్చి, "ఎంతయ్యాయి?" అంది. "నాలుగు లీటర్లండి." "ఆరయ్యేదాకా ఆవిడ ఆగదు. కడిగెయ్యండి."

తొమ్మిదో నంబరు గొట్టం, పన్నెండో కడుగుడు, ఆఖరిది. వాననీళ్ళ తరవాత తొట్టి నీళ్ళు తగలనిది అదొక్కటే. ఒక్క చుక్క కింద పడకుండా కడిగాను. చేతికి జారుడు తగల్లేదు.

రక్తం గొట్టంలోకి ఎక్కింది. నేను మాణిక్యం పాదాలు రెండూ పట్టుకుని కూర్చున్నాను. వణుకు ముందు అక్కడే తెలుస్తుంది. పది నిమిషాలు. ఇరవై. ఇరవై ఐదో నిమిషంలో బొటనవేలు కదిలింది. ఊరికే కదిలిందంతే. ముప్పై. నలభై. గంట. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "వదలండి, ఆవిడ పాదాలు నలిగిపోతున్నాయి" అంది.

ఐదింటికి బీపీ లేచింది. నేను వరండాలోకి వెళ్ళి గట్టిగా ఏడ్చాను.

నమోదు 10

ఈ రోజు పొద్దున కూత తరవాత మైకులో డాక్టరమ్మ తనే మాట్లాడింది. తాగడానికి మూడు పొంగులు చాలు, గొట్టాలకి మాత్రం ఇక ఆవిరినీళ్ళే, రెండు రోజులు నీళ్ళు లేకపోయినా తొట్టి కడగాల్సిందే అని చెప్పింది. ఏడు పొంగులు తన తప్పే అంది. నా పేరు చదవలేదు. జనం ఇప్పటికే తిట్టుకుంటున్నారు: ఇన్నాళ్ళూ కాచమని, ఇప్పుడు కాచింది విషమా అని. ఒకడు మా కిటికీలోంచి మొహం పెట్టి, "మీకే సరిగా తెలీదు, మాకేం సెబుతారండి" అన్నాడు. నేను కిటికీ రెక్క దగ్గరికి వేశాను.

గోడ పట్టిక సరిచేశాను. తొమ్మిదో నంబరు వరసలో "ఐదు పొంగులు" కొట్టేసి "వాననీళ్ళు, కాచలేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను. డాక్టరమ్మ చూసి, "మాణిక్యానికి నేనేమీ చెప్పలేదు. చెప్పడమా మానడమా మీ ఇష్టం" అంది.

నమోదు 11

మాణిక్యం లేచి కూర్చుంది. చెయ్యి దక్కింది, రెండు వేళ్ళు పోయాయి. గంజి పట్టుకెళ్ళాను. రెండు గరిటెలు తాగి, "నీ గొట్టం నాకొద్దన్నాను కదే" అంది. నవ్వుదామని చూసింది గానీ ఓపిక చాల్లేదు. తల గోడకి ఆనించి చూరు వైపు చూసింది.

"డాక్టరమ్మ మైకులో సెప్పింది ఇన్నాను. ఆవిరినీళ్ళంట కదా. నాకు వణుకు రాలేదంట."

"రాలేదు వదినా."

"ఇది ఎప్పుడు తెలిసింది మీకు?"

డాక్టరమ్మకి నువ్వు వచ్చిన రోజే తెలిసింది అని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. నా నోట్లోకి వచ్చేసింది ఆ మాట. అలిసిపోయాను, ఇక మొయ్యలేను.

"ఏడుకొండలుకి నాలుగు రోజుల ముందు డాక్టరమ్మ నన్నడిగింది. ఒక గొట్టానికి వణుకెందుకు రాలేదని. నేను దాన్ని పచ్చినీళ్ళతో కడిగాను. లేదని చెప్పాను. పేరు మైకులో చదువుతారని భయపడ్డాను. అప్పుడే చెప్పుంటే ఆవిడ కనిపెట్టేది. వాడు బతికేవాడు."

మాణిక్యం కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసింది. బయట అప్పయమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి చెయ్యి అనుకుంటూ మంచం పట్టె పట్టుకు నిలబడ్డాను.

"వదినా, ఒకటడుగుతాను," అంది చివరికి. "మొన్న ఆ సెక్క మీద నేను కాకుండా ఇంకెవరన్నా వచ్చుంటే, సెప్పేదానివా?"

చెప్పేదాన్ననే అందామని నోరు తెరిచాను. ముందురోజు డేగిసా దగ్గర అంతా తెలిసి కూడా, చేతులు కడుక్కుని విస్తరి ముందు కూర్చున్నదాన్ని నేను.

"తెలీదు వదినా."

ఆవిడ తల తిప్పుకుంది. "జలజని పంపు. సూది అదే తీస్తది" అంది.

వెళ్ళి జలజని పిలిచాను. "ఏమైందమ్మా?" అంది. "మీ అత్తగారు రమ్మంటోంది, వెళ్ళు" అన్నాను. లోపల కడగాల్సిన గొట్టాలు రెండున్నాయి. అప్పయమ్మ పొయ్యి అంటించింది, నేను తడిగుడ్డలు మార్చడానికి కూర్చున్నాను.